విమానమెక్కి చూసొచ్చిన చౌడు

మా ఆయన మీద నాకున్నది ఒకే ఒక్క ఫిర్యాదు. పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళలో నన్నెక్కడికీ తీసుకెళ్ళలేదు. మొన్న సెప్టెంబరులో తీసుకెళ్ళాడు. ఎక్కడికనుకున్నారు? నీళ్ళు లేని చోటికి!

కర్నూలులో కాపురముండే మనిషి నీళ్ళు లేని చోటు చూడాలంటే ఎంత దూరం పోవాలో చెప్పండి. వీధి చివరిదాకా పోతే చాలు. మే నెలలో అయితే అదీ అక్కర్లేదు, వంటింట్లో కొళాయి తిప్పితే సరిపోతుంది. కానీ మా ఆయన అంత తక్కువలో తేల్చే మనిషి కాదు. హైదరాబాదుకు బస్సు, అక్కడి నుంచి రెండు విమానాలు, ఎనిమిది రోజులు, ఇరవై రెండు మంది గుంపు. గమ్యం లడఖ్. ఆకాశానికి దగ్గరగా, వానకు దూరంగా ఉండే ఎడారి.

ఇది విని గ్రూప్ టూర్లంటే నాకు పడదని తీర్మానించకండి. మన సీమ జనం ఏడాదికొకసారైనా గుంపుగా ఎడారికి పోయి రావాలన్నది నా గట్టి నమ్మకం. ప్రభుత్వం దీనికోసం ప్రత్యేకంగా ఒక పథకం పెట్టినా తప్పులేదు. ఎందుకో చెప్తాను. ముందు మా ఇంటి సంగతి కొంత వినాలి.

మా ఆయన పేరు వాసుదేవ్. పుట్టింది వేంపల్లెలో, వ్యాపారం కర్నూలులో. బోరు మోటార్లు, పైపులు అమ్ముతాడు. భూమిలో నీళ్ళు ఎంత కిందికి దిగితే మా అంగడి అంత పైకి లేస్తుంది. కాబట్టి నేను కరువును బాహాటంగా తిట్టలేను. అన్నం పెట్టే తల్లి.

నాది కోసిగి దిక్కు. పెళ్ళప్పుడు మా నాయన పసుపు కుంకుమ కింద నాలుగెకరాలు నా పేర రాసిచ్చాడు. చౌడు నేల. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, చౌడంటే ఉప్పు పేరిన నేల. ఎండకు పైన తెల్లగా పొర కడుతుంది. వానకు కాలు జారుతుంది. విత్తనం వేస్తే మొలుస్తుంది, రెండాకులు వేస్తుంది, పరిస్థితి అర్థం చేసుకుని చచ్చిపోతుంది. చిన్నప్పుడు ఆ తెల్లపొర మీద నేను వేలితో ముగ్గులు వేసేదాన్ని. పిండి ఖర్చు లేని ముగ్గులు.

ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో మా ఆయన ఆ నేలలో కాలు పెట్టలేదు. బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడే చోట మోటార్లమ్మే మనిషికి ఏం పని?

ఈ ఏడాది ఉన్నట్టుండి దానికి బేరం వచ్చింది. ఏదో సోలారు కంపెనీ వాళ్ళు పలకలు పరుచుకుంటారట. ఆ సొమ్ముతో అంగడి వెనకాల గోడౌను కట్టాలని మా ఆయన కోరిక. కాగితాలన్నీ తయారయ్యాయి. సంతకం నాది కావాలి.

నేను ఒక్కటే అడిగాను. "అమ్మేముందర ఒక్కసారి ఇద్దరం పోయి చూసొద్దాం."

"చౌడులో చూసేదానికేముందే," అన్నాడు మా ఆయన. "తెల్లగా ఉండాది. అంతే గదా. ఒక్క చెట్టు లేదు, చేమ లేదు. ఆ ఎండలో పడి మూడు గంటలు పోయేదానికి నాకేమన్నా పిచ్చి పట్టిందా?"

నేను సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు. కాగితాలను బియ్యం డబ్బా మీద పెట్టి, వాటి మీద ఇస్త్రీకి వేయాల్సిన గుడ్డలు పెట్టాను. ఇట్లాంటి విషయాల్లో నాకు తొందర ఉండదు.

పది రోజుల తర్వాత మా ఆయన లడఖ్ టికెట్లతో ఇంటికొచ్చాడు. "ఎనిమిది దినాలు సల్లగా తిరిగొద్దాం. వచ్చినాక నిదానంగా సంతకం పెడుదువులే," అన్నాడు.

లంచాలు ఆఫీసుల్లోనే నడుస్తాయనుకునేవాళ్ళు కాపురం చేయనివాళ్ళు.

ఇక గ్రూప్ టూరు మహిమలకు వస్తాను.

మొదటి మహిమ, ఆలోచించే పని ఉండదు. మా గుంపును తీసుకెళ్ళిన హనుమేష్ దగ్గర ఒక ఈల ఉంది. మొదటి ఈలకు లేవాలి, రెండో ఈలకు టిఫిను, మూడో ఈలకు బండెక్కాలి. దారిలో ఎక్కడ ఆగాలో, ఆగినచోట ఎన్ని నిమిషాలు ఆశ్చర్యపోవాలో అన్నీ అతనే చెప్తాడు. "ఈ కొండ పది నిమిషాలు, తర్వాత టీ," అంటాడు. పది నిమిషాల్లో మేం ఆ కొండను పూర్తిగా చూసేసేవాళ్ళం. పన్నెండో నిమిషం వరకు చూసినవాళ్ళకు ఈల పడేది. ఇరవై ఎనిమిదేళ్ళుగా మా ఇంట్లో అందర్నీ లేపి, తినిపించి, తరిమే ఉద్యోగం నాది. ఎనిమిది రోజులు నన్ను ఇంకొకరు తరిమారు. ఇంతకంటే స్వర్గం ఏముంటుంది?

రెండోది ఆరోగ్యం. లేహ్ ఊరే పదకొండు వేల అడుగుల పైన. గాలి పలచన. మెట్లెక్కితే గుండె చెవుల్లోకి వచ్చి కొట్టుకుంటుంది. మా గుంపులో రాజంపేట నుంచి వచ్చిన ఓబుళేశు గారు రిటైరైన హెడ్మాస్టరు. వేలికి తగిలించి రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చూసే క్లిప్పు ఒకటి మెడలో తాయెత్తులా వేసుకుని తిరిగేవారు. పొద్దున టిఫిన్ల దగ్గర అందర్నీ వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కరి వేలికి తగిలించి, గట్టిగా చదివేవారు.

"వాసుదేవ్, డెబ్బై తొమ్మిది. జాగర్త. మీ ఇంటామె, ఎనభై ఎనిమిది. భేష్."

మా ఆయన ముఖం చిన్నబోయింది. నాకు ఆయన కంటే ఎక్కువ మార్కులు వచ్చినట్టు నలుగురిలో ప్రకటించడం మా కాపురంలో అదే మొదలు. మధ్యాహ్నం ఆయన చాటుగా ఓబుళేశు గారి దగ్గరికి పోయి, "సార్, ఇంకోసారి చూడండి, పొద్దున చేతులు సల్లగా ఉన్నాయి," అని రీవాల్యుయేషన్ పెట్టించుకున్నాడు. ఎనభై వచ్చింది. అంతకు మించి కలపడం కుదరదని సారు చెప్పేశారు.

మూడోది, మనకే తెలియని మన గొప్పతనం బయటపడటం. ఆ హోటల్లో గదికి రోజుకు రెండు బకెట్ల నీళ్ళు. మాతోపాటు దిగిన ఏదో మహానగరం గుంపు ఈ మాట విని రిసెప్షన్ దగ్గర విప్లవం లేవదీసింది. మా గుంపులో ఒక్కరూ నోరెత్తలేదు. రెండు బకెట్లా! అందులో ఒకటి వేడినీళ్ళా! ఇదేదో పెళ్ళివారి విడిదిలా ఉందే అనుకున్నాం.

నా పక్కగదిలో నాగరత్నమ్మ ఉండేది. ఆదోని మనిషి, పత్తి వ్యాపారస్తుల ఇల్లు, అరవై ఎనిమిదేళ్ళుంటాయి. కోడలికి సెలవు దొరక్కపోతే టికెట్టు పాడైపోతుందని ఈమె బయల్దేరింది. ఒక బకెట్టుతో స్నానం చేసి, చీర జాడించి, ఆ జాడించిన నీళ్ళతో స్నానాల గది కడిగి, రెండో బకెట్టుకు మూతపెట్టి దాచింది. మూడో రోజు హోటలతను వచ్చి చేతులు జోడించాడు. ఇన్నేళ్ళలో నీళ్ళు మిగిల్చిన యాత్రికులను చూడలేదన్నాడు. నాగరత్నమ్మ అతనికి ఉర్దూలో ధారాళంగా జవాబిచ్చింది. ఆదోనిలో పుట్టినవాళ్ళకు ఉర్దూ నేర్చుకోవాల్సిన పని ఉండదు, గాలికే వస్తుంది.

"ఏమన్నావమ్మా?" అని అడిగాను.

"మా ఊరికి రా నాయనా, వారానికొక తూరి నీళ్ళిస్తారు, ఆడ నీకు టూరిస్టులే నచ్చరు అన్నా."

తిండి సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. 'మన భోజనం గ్యారంటీ' అని హనుమేష్ కరపత్రంలోనే అచ్చు వేయించాడు. కర్నూలు నుంచి వంటమనిషిని, రాగిపిండిని, గోంగూర పచ్చడిని వెంట తెచ్చాడు. ఐదో రోజు గుడారాల దగ్గర సంగటి కెలికారు. అంత ఎత్తులో ఒక విచిత్రం ఉందండీ. నీళ్ళు తొందరగా మరుగుతాయి, గింజ మాత్రం ఉడకదు. గిన్నె నిండా కుతకుతలు, నోట్లో పెట్టుకుంటే పలుకులు. పైకి అంత ఉడుకు చూపించి లోపల పచ్చిగా ఉండే సరుకు నాకు కొత్తేమీ కాదు, మా అత్తగారి వైపు బంధువుల్లో ఇద్దరు ముగ్గురున్నారు. అందరం సంగటి ముద్దలు మారు మాట్లాడకుండా మింగాం. మన భోజనం అని చెప్పాక మింగకపోతే మర్యాదేముంటుంది?

నుబ్రా అనే లోయలో ఇసుక దిబ్బలున్నాయి. రెండు మూపురాల ఒంటెలు వాటి మీద తిరుగుతుంటాయి. హనుమేష్ ఈల వేసి "ఇరవై నిమిషాలు" అన్నాడు. ఇరవై రెండు మందిమీ దిగి నిలబడ్డాం. ఒక్కరూ ఆహా అనలేదు. అందరి పెదాలూ మెల్లగా కదులుతున్నాయి. నేను దైవప్రార్థన అనుకున్నాను.

"ఎన్ని ట్రాక్టర్లుంటాదంటారు సార్?" అని మా ఆయన ఓబుళేశు గారిని అడిగాడు.

"లెక్కకు రాదప్పా. సన్న ఇసుక గూడా. ప్లాస్టరింగుకు శానా బాగుంటాది."

"కాపలా లేదే?"

"అదే నేనూ చూస్తాండా."

ఇంత ఇసుక అడిగేవాళ్ళు లేకుండా ఆరుబయట పడి ఉండటం మా వాళ్ళను కలచివేసింది. ఒంటెల వైపు ఒక్కరూ చూడలేదు. ప్రకృతి సౌందర్యం మనిషిని కదిలిస్తుందని చదువుకున్నాం గానీ, ఇంతగా కదిలిస్తుందని నాకు తెలియదు.

ఇన్ని మహిమలున్నా అన్నిటికంటే పెద్దది మా ఆయనలో వచ్చిన మార్పు. మొదటి రోజు విమానం దిగింది మొదలు ఆయన ఎండిన కొండలను పొగడటం మొదలుపెట్టాడు.

"అబ్బ, ఎంత నిమ్మళంగా ఉండాదో చూడు. యాడ చూసినా ఒక్క చెట్టు లేదు!"

అదే మాట నెల కిందట మా కోసిగి గురించి అన్నాడు. అప్పుడది తిట్టు. చెట్టు లేకపోవడం వెయ్యి అడుగుల ఎత్తులో ఉంటే దరిద్రం, పదిహేను వేల అడుగుల ఎత్తులో ఉంటే అందం. ఈ సూత్రం ఏ పుస్తకంలోనూ రాయలేదు, టూరు ప్యాకేజీ కొనుక్కుంటేనే బోధపడుతుంది. "పురుగూ పుట్రా లేదు" అన్నాడు. "మనిషి అలికిడి లేదు" అన్నాడు. "ఎండ సుర్రుమంటాంది గానీ ఎంత బాగుండాదో" అన్నాడు. నేను ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. ఒక్కొక్క మాటా చెవిలో వేసుకుని భద్రం చేశాను. ఆడవాళ్ళకు జ్ఞాపకశక్తిని దేవుడు ఊరికే ఇవ్వలేదు.

ఆరో రోజు త్సో కర్ అనే ఉప్పు సరస్సుకు తీసుకెళ్ళారు. వాళ్ళ భాషలో తెల్ల సరస్సు అని అర్థమట. మా బండి డ్రైవరు దోర్జే చెప్పాడు. ముప్పై ఐదేళ్ళవాడు, నవ్వు ముఖం. అతనిది హిందీ, నాది మా వీధి ముస్లిముల ఇళ్ళలో నేర్చుకున్న కర్నూలు ఉర్దూ. నేను "నక్కో" అన్నప్పుడల్లా అతను స్టీరింగు వదిలి నవ్వేవాడు, అందుకని కొండ మలుపుల దగ్గర నేను ఏదీ వద్దనేదాన్ని కాదు. మా ఆయనకు హిందీ రాదు. ఆయన హిందీ 'అచ్ఛా' దగ్గర మొదలై 'ఠీక్ హై' దగ్గర ముగుస్తుంది. మధ్యలో అవసరమైనవన్నీ నేను అందిస్తుంటాను.

దిగి చూస్తే, నిజంగానే తెలుపు. సరస్సు చుట్టూ కనుచూపు మేర ఉప్పు పేరుకుని, పగుళ్ళిచ్చి, ఎండలో మిలమిల మెరుస్తోంది. కాలు పెడితే కరకర. ఆ చప్పుడు నా అరికాళ్ళకు తెలుసు. ఎవరూ చూడకుండా వంగి వేలితో ఒక చిన్న ముగ్గు వేశాను.

మా ఆయన అప్పటికే ఫోను ఎత్తి వీడియో తీస్తూ మా బంధువుల వాట్సాప్ గ్రూపు కోసం వ్యాఖ్యానం చెప్తున్నాడు. "చూడండి, ఎంత అద్భుతం. ఇట్లాంటి నేల మన దిక్కు జన్మలో చూడలేం. దీన్ని చూసేదానికి పెట్టి పుట్టాల."

నాగరత్నమ్మ కొంగు బిగించుకుని వంగింది. చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. పక్కకు తిరిగి ఉమ్మేసింది.

"ఇది చౌడు గదప్పా," అంది.

వీడియో ఆగింది.

"మా దిక్కు యాడ చూసినా ఇదే గదా. కోసిగి, పెద్దకడుబూరు, అంతా ఇదే. దీన్ని చూసేకి దుడ్లిచ్చి ఇంత దూరం వస్తిమా?"

తర్వాత మన జనం ఏం చేయాలో అదే చేశారు. మగవాళ్ళందరూ గొంతుక్కూర్చుని, తలా ఒక చిటికెడు తీసుకుని, రుచి చూసి, వైద్యం మొదలుపెట్టారు. నల్లచౌడు కాదు, తెల్లచౌడే అని ఓబుళేశు గారు తేల్చారు. జిప్సం తోలి, నీళ్ళు కట్టి, జనుము చల్లి దున్నేస్తే మూడేళ్ళలో దారికొస్తుందని ఇంకొకాయన అన్నాడు. ఎకరాకు ఎన్ని బస్తాల జిప్సం అన్న దగ్గర రెండు వర్గాలయ్యాయి. ఫోటోలు తీసుకోవడానికొచ్చిన వేరే టూరిస్టులు, ఏదో పరిశోధక బృందం అనుకుని మాకు దారిచ్చి పక్కకు తప్పుకున్నారు.

మా ఆయన మాత్రం వ్యాపారస్తుడు. నన్ను పిలిచాడు. "బోరేస్తే ఎన్నడుగులకు పడతాయో ఆ పిల్లోన్ని అడుగు."

అడిగాను. ఎవరూ వేయలేదన్నాడు దోర్జే.

"ఏం పండుతాది?"

ఏమీ పండదన్నాడు.

"అమ్ముతారా?"

దోర్జే నవ్వి తల అడ్డంగా ఊపాడు.

"పండదు, అమ్మరు. మరి ఈడికి దేనికొస్తారంట?"

దోర్జే ఈసారి కొంచెం ఎక్కువసేపు చెప్పాడు. నేను శ్రద్ధగా విని, మా ఆయనకు తెలుగులో చెప్పాను. "ఇది వాళ్ళమ్మ పుట్టిన చోటంట. ఏమీ పండదని అందరికీ తెలుసంట. అయినా ఏడాదికొకసారి వాళ్ళ నాయన వాళ్ళమ్మను పిల్చుకొచ్చి, ఒక పూట ఈడ కూర్చోబెట్టి, మళ్ళీ పిల్చుకపోతాడంట."

"దేనికి?"

"చూసేదానికంట."

ఇక్కడ మీకొక నిజం చెప్పాలి. దోర్జే వాళ్ళమ్మ లేహ్ బజారులో పుట్టి, ఆ బజారులోనే కూరగాయలమ్ముతోంది. ఆమె ఈ సరస్సును ఫోటోలో తప్ప చూడలేదు. దోర్జే చెప్పిందల్లా ఇదీ: "అక్కా, ఈ గాలికి నేను ఊరికే ఎందుకొస్తాను? మీలాంటివాళ్ళు కిరాయి ఇస్తారు, తెస్తాను. మీరు రాకపోతే నేనూ రాను."

మా ఆయన నన్ను అనుమానంగా చూశాడు. ఆ కాస్త హిందీలో ఇంత కథ పడుతుందా అన్నట్టు. ఆ తర్వాత ఉర్దూ తెలిసిన ఇంకో మనిషి వైపు తిరిగాడు.

నాగరత్నమ్మ నన్ను చూసింది. మా ఆయన్ను చూసింది. బొడ్లోంచి వక్కపలుకు తీసి నోట్లో వేసుకుని, నిదానంగా కొరికింది.

"అంతే చెప్పినాడప్పా. నేనూ వింటి," అంది. "బో మంచోడు ఆ పిల్లోని నాయన."

గ్రూప్ టూర్లలో మంచి స్నేహాలు కుదురుతాయని కరపత్రంలో రాసింది నూటికి నూరుపాళ్ళు నిజం.

మా ఆయన ఫోను జేబులో పెట్టేశాడు. వీడియో పంపనేలేదు. ఒక రాయి మీద కూర్చుని ఆ తెల్లటి నేల వైపు చూస్తూ ఉండిపోయాడు. మూడో ఈలకు కూడా లేవకపోతే ఓబుళేశు గారు కంగారుపడి వచ్చి క్లిప్పు తగిలించారు.

"డెబ్బై ఆరు. ఏమైందప్పా?"

"ఏం లేదు సార్," అన్నాడు మా ఆయన. మార్కులు తగ్గినందుకు బాధపడకపోవడం అదే మొదలు.

తిరుగు దారిలో మా ఆయన మెల్లగా అడిగాడు. "వాళ్ళ నాయనకు ఎన్నేండ్లుంటాయి?"

"డెబ్బై దాటినాయేమో."

"డెబ్బైలో గూడా పిల్చుకొస్తాండాడా?"

"మోకాళ్ళ నొప్పులంట. అయినా మానలేదంట."

ఒక అబద్ధం ఆడితే దాన్ని అట్లే వదిలేయడానికి వీల్లేదు. దానికి వయసు చెప్పాలి, జబ్బు చెప్పాలి, మంచి చెడ్డ చూసుకోవాలి. పిల్లల్ని పెంచినట్టే.

ఇప్పటికి మీకొక సందేహం వచ్చి ఉంటుంది. ఇంత కథ ఎందుకు, ఆ నాలుగెకరాల మీద నాకంత మమకారమా అని. లేదండీ. నేల అమ్ముడుపోతే నేను ఏడవను. గోడౌను కడితే మొదటి కొబ్బరికాయ నేనే కొడతాను. కానీ పెళ్ళాం పుట్టిన నేల ఎట్లా ఉంటుందో ఒక్కసారైనా చూడకుండానే అమ్మేయొచ్చునని ఒక మనిషికి తోచిందే, అది నాకు నచ్చలేదు. మూడు వేల కిలోమీటర్లు పోయి ముక్కూ మొహం తెలియని చౌడును పొగిడే నోటికి, మూడు గంటల దూరంలో ఉన్న చౌడుకు "చూసేదానికేముందే" అనే మాటే వచ్చింది. ఉన్న ఫిర్యాదల్లా ఇదే. అందుకే అంటున్నాను, గ్రూప్ టూర్లు రావాలి. మన మగవాళ్ళను మన ఊళ్ళకు తీసుకుపోవాలంటే లడఖ్ మీదుగా తప్ప వేరే దారి లేదు.

ఇంటికొచ్చిన నాలుగో రోజు కంపెనీ అతను ఫోను చేశాడు. మా ఆయన వరండాలో నిలబడి, "మా ఇంటామెది నేల. ఆమె ఎప్పుడు చెప్తే అప్పుడు. నన్నడగొద్దు," అని పెట్టేశాడు. నేను వంటింట్లో వినిపించనట్టు పోపు వేశాను.

ఆదివారం పొద్దున్నే కారు తీశాడు. "కోసిగికి పోదాం పా," అన్నాడు. ఈల వేయలేదు, ఎన్ని నిమిషాలో చెప్పలేదు.

ఈ ఏడు వానలు ముఖం చాటేశాయి. కోసిగి స్టేషను దగ్గర మూటలు, బకెట్లు, చంటిపిల్లలతో జనం గుంపులు గుంపులుగా కూర్చుని ఉన్నారు. పత్తి తీయడానికో, బిల్డింగు పనులకో పోయేవాళ్ళు. వాళ్ళదీ గ్రూప్ టూరే. ఆరు నెలల ప్యాకేజీ. ఈల ఒక మేస్త్రీ దగ్గర ఉంటుంది. తేడా ఒక్కటే, మేం ఎడారి చూడటానికి విమానమెక్కాం, వాళ్ళు ఎడారి చూడలేక రైలెక్కుతున్నారు. మా ఆయన కారు మెల్లగా పోనిచ్చాడు. ఎంత ప్రశాంతమో అనలేదు.

మా నేల దగ్గర కారు దిగాం. తెల్లగా ఉంది. అంతే గదా. మా ఆయన చెప్పులు విప్పి గట్టు మీద పెట్టి, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒక్కడే నడిచాడు. మళ్ళీ వచ్చాడు. ఫోను తీయలేదు. నేను ఆయన వెంట పోలేదు, గట్టు మీదే నిలబడ్డాను.

పక్క చేనులో గొర్రెలు మేపుకుంటున్న ముసలాయన మమ్మల్ని చూసి కర్ర ఆనించుకుంటూ వచ్చాడు. హనుమన్న. మా నాయన ఈడువాడు. చెవులు సరిగా వినపడవు.

"ఎవరప్పా మీరు? కంపెనీ వాళ్ళా?"

"కాదు పెద్దాయనా. ఈ నేలకు అల్లుణ్ణి," అన్నాడు మా ఆయన.

"ఏమీ?"

"అల్లుణ్ణి!"

హనుమన్న నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆయన్ను కిందికీ పైకీ చూశాడు. తర్వాత నన్ను చూశాడు. పోల్చుకున్నాడు. ముఖమంతా నవ్వాడు.

"పెండ్లయి ఎన్నేండ్లాయ పాపా?"

"ఇరవై ఎనిమిది," అని వేళ్ళతో కూడా చూపించాను. ఈ లెక్క పొరపాటుగా వినపడకూడదు.

హనుమన్న మళ్ళీ మా ఆయన వైపు తిరిగాడు. "మీ మామ ఉండేటప్పుడు శానా తూర్లు అంటాండె, అల్లుడొస్తాడు, చూపించల్ల అని. అంత దూరమా నాయనా మీ కర్నూలు?"

మా ఆయన కాలితో ఆ ఉప్పుపొరను కొంచెంసేపు గీరాడు. "దూరం లేదు పెద్దాయనా," అన్నాడు. తర్వాత ఇంకేదో అన్నాడు, గొంతులోనే.

"ఏమీ? వినపల్లేదు."

మా ఆయన నా వైపు చూశాడు, సాయం చేస్తానేమోనని. నేను ఆకాశం వైపు చూశాను. మబ్బు లేదు.

"నాదే తప్పు పెద్దాయనా," అన్నాడు.

"ఏమప్పా?"

మా ఆయన ఊపిరి నిండా తీసుకుని, ముసలాయన చెవి దగ్గరికి వంగి, పక్క చేలో గొర్రెలు కూడా తలెత్తి చూసేటట్టు చెప్పాడు.

"తప్పు నాది! ఎప్పుడో రావల్సింది, నేనే రాలేదు!"